గుమ్మడికాయల దొంగ

ముందే చెప్పేస్తున్నాను, తరవాత నన్ను ఆడిపోసుకోకండి. అమెరికాలో ఆగస్టు ఆఖరు నుంచి నవంబరు ఆఖరు దాకా ఊరూ వాడా ఏకమై తాగే, తినే, ఒంటికి పూసుకునే, గదిలో వెలిగించుకునే ఆ 'పంప్‌కిన్ స్పైస్' అనే రుచి నాకు నచ్చలేదు. బొత్తిగా నచ్చలేదు. ఈ ఒక్క మాట పైకి అనడానికి నాకు ఏడు వారాలు పట్టింది. అందుకే ఇప్పుడు ఇంత గట్టిగా అంటున్నాను.

మా చెల్లెలు న్యూజెర్సీలో ఉంటుంది. 2024లో దాని పోరు పడలేక మూడు నెలలు ఉండి వద్దామని వెళ్ళాను. విమానం దిగి నాలుగు రోజులయిందో లేదో, పగలేదో రాత్రేదో తెలీని అయోమయంలో ఉన్న నన్ను కారెక్కించి వాళ్ళ ఊళ్ళోని ఒక కాఫీ కొట్టుకి తీసుకెళ్ళింది. "అక్కా, నువ్వు సరిగ్గా సమయానికొచ్చావ్. ఈ వారమే మొదలైంది!" అంది. ఏం మొదలైందే అంటే చెప్పదు. తిరపతి ప్రసాదం తెచ్చినట్టు రెండు చేతులతో ఒక పెద్ద గ్లాసు తెచ్చి నా ముందు పెట్టింది. పైన తెల్లటి నురగ. నురగ మీద గోధుమరంగు పొడి. మా చెల్లెలూ, మా మరిదీ, తొమ్మిదేళ్ళ మేనకోడల్లాంటి కూతురూ, ముగ్గురూ నా మొహంలోకే చూస్తున్నారు.

ఒక గుక్క తాగాను. నిజం చెప్పొద్దూ, పండగనాడు బిర్యానీ వండిన గిన్నెని సరిగ్గా కడక్కుండా అందులోనే పాలు కాచి, పంచదార డబ్బా బోర్లించి, కాస్త కాఫీ చూపించినట్టనిపించింది.

"ఎలా ఉందక్కా?"

"బాగుంది. చాలా బాగుంది" అన్నాను.

అదీ నేను చేసిన పాపం. మొహమాటానికి పోతే ఏమవుతుందో చెప్పే సామెత ఒకటి మనకుంది. ఆడవాళ్ళు చదివే పేజీలో పూర్తిగా రాయడం బాగుండదు గానీ, మీకందరికీ తెలుసు. ఆ సామెతలో జరిగిన దానికంటే నాకు ఎక్కువే జరిగింది. అక్కకి ఈ రుచి నచ్చిందనే వార్త ఇల్లంతా పాకింది. మర్నాడు పొద్దున్న ఆ రుచి రొట్టె. ఆ మర్నాడు ఆ రుచి బిస్కెట్లు. నా గదిలో ఆ వాసన కొవ్వొత్తి. స్నానాల గదిలో ఆ వాసన సబ్బు. శనివారం నాడు వాళ్ళ స్నేహితురాలి ఇంటికి భోజనానికి పిలిస్తే అక్కడ ఆ రుచి కేకు, "మీకిష్టమటగా అక్కగారూ" అంటూ ప్రత్యేకంగా నాకు పెద్ద ముక్క. నా చీరలకీ ఆ వాసనే పట్టింది. మొహమాటం పేరిట ఒక అబద్ధమాడితే దానికి మూడు పూటలా పథ్యం ఇంతలా ఉంటుందని నాకు తెలీదు.

అసలిది ఏమిటో తెలీని వాళ్ళ కోసం రెండు మాటలు. దాల్చినచెక్క, శొంఠి, జాజికాయ, లవంగం. ఈ నాలుగే ముఖ్యం. వీటిని పొడి కొట్టి, పంచదార పాకంలో కలిపి, దేంట్లో పోస్తే అది 'పంప్‌కిన్ స్పైస్' అవుతుంది. పేరులో గుమ్మడికాయ ఉంది కదా, మరి గుమ్మడికాయేదీ అని అడక్కండి. నేతిబీరకాయలో నెయ్యి ఎంతో ఇందులో గుమ్మడికాయ అంత.

మా మరిది మంచివాడు. ఒకసారి నా మొహం చూసి ఏదో అనుమానించినట్టున్నాడు. "ఇందులో ఉన్నవన్నీ మన వంటింటి దినుసులే కదా వదినా, మీకు నచ్చి తీరాలి!" అన్నాడు.

మన వంటింటివే, కాదన్నదెవరు? కానీ మన వంటింట్లో ఒక్కోదానికి ఒక్కో పీట వేసి ఉంది. దాల్చినచెక్క మసాలా కూరలకీ, పలావుకీ. లవంగం తాంబూలానికి, దగ్గుకి, పంటినొప్పికి. శొంఠి బాలింతలకీ, జలుబుకీ. జాజికాయ సాన మీద ఒక్క చుట్టు అరగదీసి పసిపిల్లలకి నాకిస్తారు మా వైపు, నిద్ర పడుతుందని. ఎంతో ఎరిగి, చిటికెడు చిటికెడుగా వాడుకున్న వస్తువులివి. ఈ నాలుగింటినీ ఒకేసారి పిలిచి, పీటలన్నీ లాగేసి, ఒక గ్లాసులో కుక్కితే, నా ముక్కు ఏం చెయ్యాలి చెప్పండి? పంటినొప్పి గుర్తు చేసుకోవాలా, పలావు గుర్తు చేసుకోవాలా, బాలింత గది గుర్తు చేసుకోవాలా?

సరే, ఇది నా ముక్కు గొడవ. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి. ఇంతటితో ఆగితే ఈ వ్యాసమే అక్కర్లేదు. నా కోపం ఇంకోచోట ఉంది.

నేను పనిలేక కూర్చోలేని దాన్ని. మా చెల్లెలి ఊళ్ళో గ్రంథాలయం చాలా బాగుంటుంది. అక్కడ కూర్చుని ఈ రుచి పుట్టుపూర్వోత్తరాలు తవ్వాను. 1796లో అమేలియా సిమన్స్ అనే ఆవిడ ఒక వంటల పుస్తకం అచ్చు వేయించింది. అమెరికా మనిషి రాసి, అమెరికాలో అచ్చయిన మొదటి వంటపుస్తకంగా దాన్నే చెప్తారు. పుస్తకం మీద తన పేరు పక్కన 'అమెరికన్ అనాథ' అని వేసుకుంది పాపం. ఆ పుస్తకంలో గుమ్మడికాయ వంటకం ఉంది. ఉడకబెట్టి వడకట్టిన గుమ్మడి గుజ్జు, మీగడ, తొమ్మిది కోడిగుడ్లు, పంచదార, వాటితో పాటు జాపత్రి, జాజికాయ, అల్లం. అన్నీ పిండి పొరలో పోసి కాల్చాలి. ఇవాళ్టికీ వాళ్ళు నవంబరులో థాంక్స్‌గివింగ్ పండగకి చేసుకునే 'పంప్‌కిన్ పై' వంశం ఇదే. చూశారా, అందులో కాయ ఉంది. మసాలా కాయకి తోడు. పెళ్ళికూతురి పక్కన తోడిపెళ్ళికూతురులాగా.

తరవాత 1934లో మెక్‌కార్మిక్ అనే మసాలాల కంపెనీ ఆ దినుసులన్నీ కలిపి ఒక డబ్బాలో పోసి 'పంప్‌కిన్ పై స్పైస్' అని అమ్మింది. ఇందులోనూ నాకు తప్పు కనపడలేదు. మనం సాంబారు పొడి కొనుక్కోవడం లేదూ? సాంబారు పొడిలో సాంబారేదని ఎవరైనా అడుగుతారా? పప్పూ ముక్కలూ మనమే వేసుకోవాలని అందరికీ తెలుసు. అలాగే ఆ డబ్బా కొన్న ఇల్లాలు గుమ్మడికాయ తనే తెచ్చుకునేది.

అసలు కథ 2003లో మొదలైంది. స్టార్‌బక్స్ కాఫీ కంపెనీ వాళ్ళు సియాటిల్‌లో కూర్చుని, శరత్కాలానికి ఒక కొత్త కాఫీ కావాలని, గుమ్మడి పై ముక్క ఒకటి తినడం, దాని మీద చిక్కటి కాఫీ పోసి రుచి చూడడం, ఇలా ప్రయోగాలు చేసి ఈ 'పంప్‌కిన్ స్పైస్ లాటే' తయారు చేశారు. ఆ ఏడాది రెండు ఊళ్ళలో పెట్టి చూశారు. మరుసటేడు దేశమంతా పాకింది. పేరులోంచి 'పై' పోయింది. గ్లాసులోంచి గుమ్మడికాయ పోయింది. ఒక్క గుమ్మడి ముక్క లేకుండా పన్నెండేళ్ళు ఆ పేరుతో అమ్మారు. అడగ్గా అడగ్గా, 2015లో కాస్త గుమ్మడి గుజ్జు ఆ పాకంలో కలిపారు. ఎంత కలిపారో ఆ రుచిని బట్టి మీరే ఊహించుకోండి. సాంబారు పొడిని పాలల్లో కలిపి 'సాంబారు' అని అమ్మితే మనం ఊరుకుంటామా? వీధిలోకి ఈడ్చమూ?

ఇక తక్కిన వాళ్ళు ఊరుకుంటారా! ఒకరు చేస్తే వందమంది. 2019లో డబ్బాలో నిలవ చేసిన పందిమాంసం కూడా ఈ రుచితో వచ్చింది. స్పామ్ అంటారు దాన్ని. కుక్కలకి బిస్కెట్లూ వచ్చాయి. కుక్క కూడా పాపం మొహమాటస్తురాలే అయి ఉంటుంది, నాలాగా తోకాడించి తినేసి ఉంటుంది.

ఇంతకీ నాకు ఒళ్ళు మండింది ఎక్కడో చెప్తాను. ఆగస్టు ఆఖరులో నాకు ఆ మొదటి గ్లాసు చేతికిచ్చిన రోజున బయట ముప్పై డిగ్రీల ఎండ. చెమటలు కారుతున్నాయి. ఒక్క చెట్టు మీద ఒక్క ఆకు పండలేదు. వాళ్ళ పంచాంగం ప్రకారం కూడా శరత్తు రావడానికి ఇంకా నెల ఉంది. కానీ కొట్టువాడు వచ్చిందన్నాడు, కాబట్టి వచ్చింది. ఋతువుని చెట్టు చెప్పాలా, అంగడివాడు చెప్పాలా?

మనకీ ఋతువుల రుచులున్నాయి. ఉగాదికి వేపపువ్వు. ఆ రెండు వారాలు దాటితే కావాలన్నా దొరకదు. కార్తీకంలో ఉసిరికాయ. సంక్రాంతికి కొత్త బియ్యం, చిక్కుడుకాయలు, గుమ్మడికాయ వేసిన దప్పళం. వాటికోసం ఎదురు చూస్తాం, వస్తాయి, పోతాయి. చెట్టుకి పూసినప్పుడు తింటాం కాబట్టి అది ఋతువు రుచి అయింది. అలా అని మనమేదో పుణ్యాత్ములమని నేననడం లేదు. మామిడిపండు ఊసే లేని మార్గశిరంలో మామిడి వాసన గల పసుప్పచ్చ నీళ్ళు సీసాల్లో కొని పిల్లల చేతికిచ్చేది మనం కాదూ? బజారు మిఠాయిలో ఏలకుల ఎసెన్సు పోసుకునేది మనం కాదూ? మన భుజాలకీ బూడిద ఉంది. గుమ్మడికాయల దొంగ ఎవడంటే భుజాలు తడుముకోక తప్పదు.

ఆ సామెత పుట్టింది బూడిదగుమ్మడి వల్ల. కాయ మీది తెల్లటి పొడి, భుజాన మోసిన దొంగకి అంటుకుంటుంది కదా. అమెరికా గుమ్మడికి ఆ బూడిద లేదు. కనకే దొంగ దొరకలేదనుకుంటాను.

అసలు మన తియ్యగుమ్మడికాయ ఎక్కడిదో తెలుసా? బూడిదగుమ్మడి ఆసియాది గానీ, మనం పులుసులో వేసుకునే ఎర్రటి తియ్యగుమ్మడి అమెరికా ఖండాలదే. మెక్సికోలోని ఒక కొండగుహలో దొరికిన గుమ్మడిజాతి గింజలు సుమారు 10,000 ఏళ్ళనాటివని శాస్త్రజ్ఞులు తేల్చారు. కొలంబసు తరవాత ఓడలెక్కి మన దాకా వచ్చి, మన అమ్మమ్మల పెరటి పందిళ్ళెక్కింది. ఇల్లినాయ్ రాష్ట్రంలో మోర్టన్ అనే ఊరి చుట్టుపక్కల డబ్బాల కోసం పండించే గుమ్మడి ఉంది చూడండి, అదీ మన తియ్యగుమ్మడీ ఒకే జాతివి. అంటే కాయ వాళ్ళది, అచ్చంగా వాళ్ళ నేలది.

మసాలా మాత్రం తూర్పు దిక్కుది. ఆ జాజికాయ కోసం ఎంత రక్తం పారిందో! ఒకప్పుడు జాజికాయ ఇండోనేషియాలోని బాందా దీవుల్లో తప్ప ఎక్కడా పండేది కాదు. ఆ వర్తకమంతా తమకే కావాలని 1621లో డచ్చి కంపెనీ వాళ్ళు ఆ దీవుల జనంలో చాలామందిని చంపి, మిగిలిన వాళ్ళని బానిసలుగా తోలుకుపోయారు. ఆ దీవుల్లో ఒకటైన రన్ అనే చిన్న దీవి డచ్చివారికి ఉండేటట్టూ, అమెరికాలో ఇంగ్లీషువాళ్ళు పట్టుకున్న మాన్‌హట్టన్ ఇంగ్లీషువాళ్ళకే ఉండేటట్టూ 1667లో ఒప్పందం చేసుకున్నారు. ఆ మాన్‌హట్టన్ మా చెల్లెలి ఇంటికి గంట ప్రయాణం. అక్కడి వీధుల్లో ఇవాళ ప్రతి మలుపులో ఒక కాఫీ కొట్టు, ప్రతి కొట్టులో ఆ జాజికాయ వాసన. ఇంత చరిత్ర మోసిన కాయకి చివరికి సబ్బులో కలిసే రాత పట్టిందా అని జాలేసింది.

అక్టోబరు వచ్చింది. ఆకులు పండాయి. అందం చెప్పలేను, అది వేరే వ్యాసం. ప్రతి ఇంటి మెట్ల మీదా నిజం గుమ్మడికాయలు వెలిశాయి. నారింజరంగువి, ఒక్కోటి పసిపిల్లవాడంత. హాలోవీన్ పండగకి వాటికి కళ్ళూ ముక్కూ చెక్కి లోపల దీపం పెడతారు. పండగ వెళ్ళిపోయింది. కాయలు మెట్ల మీదే ఉన్నాయి. వానకి నానాయి, ఉడతలు కొరికాయి, మొహాలు లోపలికి కుంగిపోయాయి, ఈగలు ముసిరాయి. తరవాత చెత్తబండి వచ్చి తీసుకుపోయింది. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. గడప బయట కాయ కుళ్ళుతోంది, గడప లోపల ఆ కాయ పేరు పెట్టిన కొవ్వొత్తి వెలుగుతోంది. కాయని తిననివ్వకుండా కాయ పేరు మాత్రం అమ్ముకుంటున్న ఈ వైభవానికి దొంగతనం అనే మాట పెద్దదేమీ కాదు.

"నీకు నచ్చకపోతే తాగకు, ఈ గోల దేనికి?" అంటారు కొందరు. నేను తాగడం మానెయ్యొచ్చు, కానీ పీల్చడం మానెయ్యలేను కదా. కొట్టుకెళ్తే గుమ్మంలోనే ఆ వాసన. ఒక రుచి నచ్చడం, మానడం నా ఇష్టం అవ్వాలంటే, దానినుంచి తప్పించుకునే దారి కూడా ఉండాలి.

ఇంకొందరున్నారు. వాళ్ళు నా పక్షం అనుకుని నా భుజం తట్టబోతారు. వాళ్ళని ఇక్కడే ఆపేస్తున్నాను. పదేళ్ళ పైచిలుకుగా అమెరికాలో ఈ కాఫీ తాగే ఆడపిల్లల్ని వెక్కిరించడం ఒక సరదా అయిపోయింది. 'బేసిక్' అని పేరు పెట్టారు. అంటే సొంత అభిరుచి లేనిది, మందలో గొర్రె అని. ఈ కాఫీ పట్టుకున్న పిల్ల కనపడితే చాలు, బొమ్మలేసి, హాస్యాలు రాసి నవ్వుతారు. అదే, గుమ్మడికాయ రుచి బీరు 1980ల నుంచీ ఉంది ఆ దేశంలో. ప్రతి శరత్తులో దాన్ని లొట్టలేస్తూ తాగే మగవాళ్ళని ఎవరూ ఏ పేరూ పెట్టలేదు! వాళ్ళది అభిరుచి, వీళ్ళది పిచ్చి. మన నవలలకీ ఇదే మర్యాద జరిగింది కదమ్మా. ఆడవాళ్ళు రాస్తే, ఆడవాళ్ళు చదివితే, 'వంటింటి సాహిత్యం'. అందుకని, నాకు ఈ రుచి నచ్చకపోవడం ఒక సంగతి, దాన్ని తాగే పిల్లని చూసి నవ్వడం ఇంకో సంగతి. మొదటిది చేస్తాను. రెండోది చస్తే చెయ్యను.

ఆ తేడా నాకు తెలియజెప్పింది మాత్రం మా చెల్లెలే.

ఏడో వారంలో ఒక సాయంత్రం వంటింట్లో నాకు మళ్ళీ ఆ గ్లాసు అందించింది. ఈసారి కొట్టుది కాదు. ఇంట్లోనే తన చేత్తో చేసింది, నాకోసం. ఎందుకో ఆ క్షణాన నా ఓపిక చచ్చిపోయింది. "తల్లీ, నాకిది మొదటిరోజు నుంచీ నచ్చలేదే. ఇంక నావల్ల కాదు" అనేశాను.

అది ఏమీ అనలేదు. గ్లాసు తీసుకెళ్ళి తొట్టిలో పారబోసింది. అటు తిరిగే నిలబడింది. అక్కాచెల్లెళ్ళున్న వాళ్ళకి తెలుసు ఆ వీపు ఏం చెప్తుందో.

కాసేపయ్యాక చెప్పింది. 2008లో పెళ్ళయి ఈ దేశం వచ్చింది అది. ఎం.ఎస్సీ. చదివిన పిల్ల. కానీ భర్త ఉద్యోగం మీద వచ్చిన భార్యలకి అప్పట్లో ఉద్యోగం చేసే అనుమతి లేదు. వాళ్ళలో కొందరికి ఆ వీలు కలిగింది 2015లో. అప్పటిదాకా పొద్దున్న మా మరిది వెళ్తే మళ్ళీ చీకటి పడ్డాకే. మాట్లాడడానికి గోడ తప్ప మనిషి లేదు. మాకు ఫోను చేస్తే "అంతా బాగుందక్కా" అనేది. ఆ ఊళ్ళో గ్రంథాలయంలో కొత్తగా వచ్చిన వాళ్ళకి ఇంగ్లీషు మాట్లాడడం అలవాటు చేసే ఒక ముసలావిడ ఉండేదట. ఇంగ్లీషు రాక కాదు, మనిషి దొరుకుతుందని ఇది వెళ్ళేది. ఒక అక్టోబరు సాయంత్రం ఆవిడ దీన్ని కాఫీ కొట్టుకి తీసుకెళ్ళి ఆ కాఫీ ఇప్పించింది. కొట్టులో కుర్రాడు గ్లాసు మీద రాయడానికి పేరడిగాడు.

"ఆ దేశంలో నా పేరు ఒకరు అడగడం అదే మొదటిసారక్కా. అంతదాకా నేను ఫలానా ఆయన భార్యని. తప్పుగానే రాశాడు. అయినా ఆ గ్లాసు పారెయ్యలేదు, కడిగి దాచుకున్నాను" అంది.

ఏమనను? నేనేదో గుమ్మడికాయ లెక్కలు తీస్తున్నాను గానీ, అది ఆ గ్లాసులో తాగుతున్నది గుమ్మడికాయా కాదు, జాజికాయా కాదు. నాకు గొంతు పట్టేసింది. అన్నాళ్ళూ అది ఫోనులో "బాగుందక్కా" అంటే నేను నమ్మాను. నేను కాఫీ కొట్టులో "చాలా బాగుంది" అంటే అది నమ్మింది. ఒకే తల్లి కడుపున పుట్టిన వాళ్ళం, ఒకే బడిలో నేర్చుకున్నాం ఈ విద్య.

అయినా నా మాట నేను వెనక్కి తీసుకోలేదు. ఆ మాటే దానితోనూ అన్నాను. "ఒసే, నీకు ఆ కాఫీ ఇప్పించింది ఆ ముసలావిడ. కంపెనీ కాదు. ఆవిడ ఆ రోజు నీకు వేడి మంచినీళ్ళు ఇప్పించినా నీకు అమృతంలాగే ఉండేది. ఆవిడ నీకు ఊరికే ఇచ్చినదాన్ని వీళ్ళు ప్రతి ఆగస్టులోనూ ఆరేడు డాలర్లకి నీకే తిరిగి అమ్ముతున్నారు. అందుకే నాకు కోపం" అన్నాను. అది చాలాసేపు ఆలోచించి, "నీ నవలల్లోలాగా మాట్లాడకు" అంది. కానీ నవ్వింది. ఇప్పటికీ అది ఆ కాఫీ తాగుతుంది. తాగనివ్వండి. నాకు ఇవ్వదు, అంతే.

మర్నాడు నేను గుమ్మడికాయ పులుసు పెడతానన్నాను. మెట్ల మీద పెట్టే అలంకారం కాయలు పీచుగా, నీరుగా ఉంటాయి, కూరకి పనికిరావు. మన సరుకులు దొరికే కొట్టులో తియ్యగుమ్మడి ముక్క కొన్నాం. మా అమ్మమ్మ ఇంట్లో గుమ్మడికాయకి మొదటి గాటు మగవాళ్ళే పెట్టాలనేవారు. ఇక్కడ కొట్టువాడే కోసి ముక్కలమ్ముతున్నాడు కాబట్టి ఆ చిక్కూ లేదు. చింతపండు పులుసులో గుమ్మడి ముక్కలు, ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు, బెల్లంముక్క, చిక్కదనానికి కాస్త బియ్యప్పిండి. ఆవాలు, మెంతులు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు పోపు. ఇల్లంతా ఆ ఇంగువ వాసన కమ్ముకుని, ఏడు వారాల కొవ్వొత్తి వాసన గడప దాటి పారిపోయింది. నా ప్రాణం లేచొచ్చింది.

పిల్లకి అన్నంలో కలిపి పెట్టాను. ఒక ముద్ద తింది. నేను దాని మొహంలోకే చూస్తున్నాను, ఆ రోజు కాఫీ కొట్టులో వీళ్ళంతా నా మొహంలోకి చూసినట్టే.

"ఎలా ఉందమ్మా?"

"సారీ పెద్దమ్మా, నాకు నచ్చలేదు" అంది.

మా చెల్లెలు గతుక్కుమంది. "అదేమిటే, పెద్దమ్మ అంత కష్టపడి చేస్తే! బాగుందని చెప్పు!" అని కసిరింది. చూశారా, ఆ విద్య మూడో తరానికి ఎలా చేరబోతోందో! నేను అడ్డుపడ్డాను. "దాన్నేమీ అనకు. నచ్చలేదంది, అంతే కదా. నేను నలభై ఆరేళ్ళకి, అదీ ఏడు వారాలు కిందా మీదా పడి అన్నమాట, అది తొమ్మిదేళ్ళకే అంటోంది" అన్నాను. పిల్ల పెరుగన్నం తింది. నేను పులుసు మూడుసార్లు వడ్డించుకున్నాను.

మన ఇళ్ళలో ఆడపిల్ల నోట్లో 'నచ్చలేదు' అనే మాట ఎంత తక్కువగా వినపడుతుందో ఎప్పుడైనా గమనించారా? చీర చూపిస్తే బాగుంది, సంబంధం చూపిస్తే మీ ఇష్టం, ఊరు మారదామంటే సరే. కూరలో ఉప్పెక్కువైందని ఇంట్లో అందరూ అనొచ్చు, వండిన ఆవిడ నాలిక్కి ఏది ఇష్టమో అడిగిన వాళ్ళు లేరు. ఇంట్లో అలవాటైన ఆ మొహమాటమే అంగట్లో కొట్టువాడికి పెట్టుబడి. అందరూ తాగుతున్నారంటే తాగుతాం, అందరూ మెచ్చుకుంటున్నారంటే మెచ్చుకుంటాం. అందుకని ఒక చిన్న పని చెయ్యండి. ఈ వారంలో ఒక్కసారి, ఏదో ఒక చిన్న వస్తువు గురించే, మీకు నిజంగా నచ్చనిదాన్ని 'నాకు నచ్చలేదు' అని పైకి అనండి. ఇల్లు కూలిపోదు. నాది మీద పూచీ.

మీలో ఆ కాఫీ ఇష్టమైన వాళ్ళుంటే నిక్షేపంగా తాగండి, ఎవరైనా వెక్కిరిస్తే నా పేరు చెప్పండి. నన్ను మాత్రం పిలవకండి. పిలిస్తే ఈసారి వస్తాను గానీ, నా వాటా ఫిల్టరు కాఫీ నేనే ఫ్లాస్కులో తెచ్చుకుంటాను.

సినిమావాళ్ళు ఆఖరి రోజున చేసినట్టు నేనూ ఇక్కడ గుమ్మడికాయ కొట్టేస్తున్నాను. నిజం గుమ్మడికాయే లెండి.